ఆ మెయిల్ రాసినవాళ్లు మీ సైటు చూడనే లేదు

ఉత్తరం: "మాది కడియం దగ్గర నర్సరీ. మావయ్యగారు పెట్టారు, ఇప్పుడు మా వారు చూసుకుంటున్నారు. ఆరు నెలల కిందట వెబ్‌సైట్ చేయించాం, దాని మెయిళ్లు చూడటం నా పని. రోజుకి పది పన్నెండు వస్తున్నాయి కానీ అందులో ఆర్డర్లు లేవు. మీ సైట్లో తప్పులున్నాయి, గూగుల్‌లో కనపడటం లేదు అని కొందరు, మా ఫొటోలు దొంగిలించారు, కేసు పెడతాం అని ఒకరు. పోయిన వారం 'మీ డొమైన్ గడువు ఈ రోజుతో ఆఖరు' అని వస్తే మావయ్యగారు కంగారుపడి క్రెడిట్ కార్డు మీద ఎనిమిది వేల పైచిలుకు కట్టేశారు. అసలైనదేదో దొంగదేదో ఎలా పోల్చుకోవాలి? ఇవి ఆగే దారి ఉందా? ఆరు మెయిళ్లు పంపుతున్నాను, చూసి చెప్పండి." (కడియం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, ఇది చదవడం కాసేపు ఆపి, ముందు మీరు పంపిన ఆరో మెయిల్ తీసి, అందులో కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేయండి. ఎందుకో చివర్లో చెప్తాను.

చేశారా? ఇక రెండో పని, మావయ్యగారి కార్డు. కార్డు వెనక ఉన్న కస్టమర్ కేర్ నంబర్‌కి ఈ రోజే ఫోన్ చేసి, బిల్లులాగా నమ్మించి కట్టించుకున్నారు, నేను కొనాలనుకున్న సేవ ఇది కాదు అని చెప్పి డిస్ప్యూట్ (ఈ ఖర్చు నేను ఒప్పుకోను అనే ఫిర్యాదు) వేయమనండి. ఆ మెయిల్, డబ్బు కట్టాక వచ్చిన రసీదు, కార్డు స్టేట్‌మెంట్ మూడూ దాచిపెట్టుకోండి, అడుగుతారు. ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తెప్పించుకోండి, ఎందుకంటే ఇలాంటి చోట ఒకసారి నంబరు ఇస్తే ప్రతి ఏడూ వాళ్లే గీకేసుకునే ప్రమాదం ఉంది. కొత్త కార్డుకి విదేశీ లావాదేవీలు బ్యాంకు యాప్‌లో ఆఫ్ చేసి పెట్టండి, అవసరమైన రోజు ఆన్ చేసుకోవచ్చు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా పెట్టండి. డబ్బు తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేను, మావయ్యగారే కూర్చుని నంబరు కొట్టి కట్టారు కాబట్టి బ్యాంకు కాస్త సణుగుతుంది. అయినా అడగాలి. అడగనివాళ్లకి ఎలాగూ రాదు.

మావయ్యగారిని మాత్రం ఏమీ అనకండి. నేనూ కట్టాను. నా మొదటి సైటు పెట్టిన కొత్తలో అచ్చం బిల్లులాగే ఉన్న మెయిల్ ఒకటి వచ్చింది, నా డొమైన్ పేరు (అంటే సైటు అడ్రస్), గడువు తేదీ, కట్టాల్సిన మొత్తం, కింద ఎర్ర రంగులో "ఆఖరి నోటీసు". కట్టేసి నాలుగు రోజుల తర్వాత తీరిగ్గా చదివితే అడుగున బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంది: ఇది బిల్లు కాదు, మీ సైటుని సెర్చ్ ఇంజిన్లలో నమోదు చేసే సేవ కోసం పంపిన ఆఫర్ మాత్రమే, ఇష్టం లేకపోతే కట్టనక్కర్లేదు అని. మీరు పంపిన రెండో మెయిల్ కూడా అదే రకం. అడుగుదాకా జరుపుకుంటూ వెళ్లి చూడండి, ఆ ముక్క ఉంది. అంటే వాళ్లు మీ డొమైన్ రెన్యూ చేయలేదు, చేయలేరు కూడా. మీ డొమైన్ ఎక్కడ కొన్నారో అక్కడే రెన్యూ చేయించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ డొమైన్ ఎక్కడ కొన్నారో మీకు తెలుసా? తెలియదనే నా అనుమానం, ఎందుకంటే మీ ఉత్తరంలో "సైటు చేసిన అబ్బాయిని అడిగితే ఫోన్ ఎత్తలేదు" అని ఒక వాక్యం ఉంది, దాన్ని పైన కుదించేశాను. మన ఊళ్లలో జరిగేది ఇదే. సైటు చేసే కుర్రాడు తన అకౌంట్లో, తన మెయిల్ మీద, తన కార్డుతో డొమైన్ కొని, మనకి మొత్తం కలిపి ఒక రేటు చెప్తాడు. అసలు రెన్యువల్ నోటీసులు ఆ కుర్రాడికి వెళ్తాయి, దొంగ నోటీసులు మనకొస్తాయి. అసలుది ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా చూడనివాళ్లకి నకిలీని పట్టుకోమంటే ఎలా కుదురుతుంది? కాబట్టి ఆ అబ్బాయిని పట్టుకుని, దెబ్బలాట లేకుండా, డొమైన్‌ని మీ పేరున, మీ మెయిల్ మీద ఉన్న అకౌంట్‌లోకి మార్పించుకోండి. ఈ ఏడాది మీరు చేసే పనుల్లో ఇదొక్కటి చేసినా చాలు.

డాట్ కామ్ పేరైతే, డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ నియమాలు వర్తిస్తాయి. గడువుకి సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మీకు గుర్తు చేయాలని, గడువు దాటాక 5 రోజుల్లోపు మరోసారి చెప్పాలని డొమైన్ అమ్మిన కంపెనీకి రూలు ఉంది. గడువు దాటిన మర్నాడే పేరు పరాయివాళ్ల పాలు కాదు. సైటు ఆగిపోవచ్చు, మెయిళ్లు ఆగిపోవచ్చు, కానీ అమ్మిన కంపెనీ మీ డొమైన్‌ని తీసేశాక కూడా 30 రోజుల పాటు పాత యజమాని ఎక్కువ ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోమని కాదు, "సాయంత్రం లోపు కట్టకపోతే అంతా పోతుంది" అన్న మెయిల్ ఎందుకు అబద్ధమో తెలియాలని చెప్తున్నాను. మీ పేరు ఏ కంపెనీ దగ్గరుందో, గడువు ఎప్పుడో ఐకాన్ వాళ్ల లుకప్ పేజీలో పేరు కొడితే ఎవరికైనా కనిపిస్తుంది. ఎవరికైనా అన్నాను, గమనించండి. ఆ దొంగ బిల్లు వాడికి మీ గడువు తేదీ తెలిసింది అలాగే. "వాళ్లకి తేదీ కూడా కరెక్టుగా తెలుసు" అని మావయ్యగారు నమ్మారన్నారు కదా, గోడ మీద రాసిన నంబరు చదవడానికి చుట్టం కానక్కర్లేదు.

ఇక మొదటి మెయిల్. రోజూ వచ్చేవాటిలో ఎక్కువ ఈ రకమే కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం. "హాయ్ ఇన్ఫో" అని మొదలైంది. మీ ఇంట్లో ఇన్ఫో అనే పేరున్నవాళ్లు ఎవరూ లేరు. మీ మెయిల్ అడ్రస్‌లో మొదటి ముక్క అది, సాఫ్ట్‌వేర్ దాన్నే మనిషి పేరనుకుని అతికించింది. తర్వాత: "మీ వెబ్‌సైట్ చూశాను, డిజైన్ చాలా బాగుంది, కానీ కొన్ని టెక్నికల్ లోపాల వల్ల పెద్ద సెర్చ్ ఇంజిన్లలో కనిపించడం లేదు." ఏ లోపాలు? ఏ పేజీలో? మామిడి అంట్ల పేజీలోనా, ఇండోర్ మొక్కల పేజీలోనా? ఒక్క ముక్క లేదు. చివర "రిపోర్టు, ధరల పట్టిక పంపమంటారా?" అన్నారు. కంపెనీ పేరు లేదు, అడ్రస్ లేదు, ఒక్క లింకు కూడా లేదు. లింకు లేదు కాబట్టి ప్రమాదం లేదని మీరు రాశారు, నిజానికి అది వాళ్ల జాగ్రత్త. లింకులు ఎక్కువైతే ఫిల్టర్ పట్టేస్తుంది, అందుకని మామూలు ఉత్తరంలా పంపి మీ జవాబు కోసం కూర్చుంటారు. సంతకం దగ్గర ఇంగ్లీషు అమ్మాయి పేరు, బిజినెస్ డెవలప్‌మెంట్ మేనేజర్ అని హోదా. పేరు మీద నొక్కి అడ్రస్ చూస్తే జీమెయిల్, అందులో వేరే పేరు, వెనక నాలుగు అంకెలు.

నేను వాడే పరీక్ష ఒకటుంది. ఆ మెయిల్లో మీ సైటు పేరు చెరిపేసి ఆ చోట రాజమండ్రిలో ఏదైనా బంగారం షాపు పేరు పెట్టి చదవండి. ఇంకో మాట ఏదైనా మార్చాల్సి వచ్చిందా? రాకపోతే అది మీకు రాసిన ఉత్తరం కాదు, జనాభా లెక్కకి రాసిన ఉత్తరం. నిజంగా మీ సైటు చూసినవాళ్లు "మీ రాయల్ పామ్ ఫొటో ఫోన్లో తెరుచుకోవడం లేదు" అంటారు, "మీ వాట్సాప్ బటన్ నొక్కితే పాత నంబరుకి వెళ్తోంది" అంటారు. ఎవరో ఒకరు కూర్చుని చూస్తే తప్ప తెలియని విషయం ఒక్కటైనా ఉంటుంది. అలాంటిది వస్తే, అమ్మడానికే రాసినా సరే, థాంక్స్ చెప్పి చదవండి.

మా పక్క వీధి కుర్రాడొకడు కొన్నాళ్లు ఇదే ఉద్యోగం చేశాడు. వాడు చెప్పిన దాని ప్రకారం, పొద్దున్నే ఒక ఎక్సెల్ షీటు ఇస్తారు, వేల అడ్రస్‌లు, ఒకే ఉత్తరం, పంపేవాడికి ఒక ఇంగ్లీషు పేరు. వీడు ఆర్నెల్లు ఒక అమ్మాయి పేరుతో పనిచేశాడు. సైట్లు చూడటం ఉద్యోగంలో భాగం కాదు. ఎవరైనా "పంపండి" అని జవాబిస్తే ఆ పేరు సీనియర్‌కి వెళ్తుంది, అప్పుడు మాత్రమే ఒక ఉచిత టూలులో మీ అడ్రస్ కొట్టి ఎర్ర గుర్తులున్న రిపోర్టు తీస్తారు. ఎర్ర గుర్తులు లేని సైటు లోకంలో లేదు, ఆ టూలు తయారైందే ఎర్ర గుర్తులు చూపించడానికి. "నాకొద్దు, పంపకండి" అని రాసినా అది కూడా జవాబే అని వాడు నవ్వుతూ చెప్పాడు. ఈ అడ్రస్ వెనక మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు, చిరాకు కూడా పడుతున్నాడు అని తెలిసిపోతుంది, ఆ పేరు ఇంకో షీటులోకి ఎక్కుతుంది. కాబట్టి తిట్టడానికి కూడా జవాబివ్వకండి. మీరు రెండుసార్లు మర్యాదగా "ప్రస్తుతానికి అవసరం లేదండి" అని రాశారట, పది పన్నెండుకి పెరగడంలో ఆ మర్యాద వాటా కొంత ఉండొచ్చు.

ఇలాంటి మెయిళ్లలో కొన్ని గూగుల్ మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అని కూడా అంటాయి. సైటు యజమానుల కోసం గూగులే రాసి పెట్టిన సలహాల్లో, మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరనీ, పిలవని పేరంటంలా మెయిల్ పంపే కంపెనీలతో జాగ్రత్తగా ఉండమనీ ఉంది. అక్కడే ఇంకో తమాషా. "మీ సైటు చూశాం, పెద్ద సెర్చ్ ఇంజిన్లలో కనపడటం లేదు" అనే మెయిళ్లు గూగుల్ డాట్ కామ్ వాళ్లకి కూడా వస్తాయని వాళ్లే చెప్పుకున్నారు. గూగుల్‌కే గూగుల్‌లో కనపడటం లేదని రాసేవాళ్లు మీ నర్సరీని వదిలిపెడతారా?

అయినా మనసులో ఒక పీకులాట ఉంటుంది, ఒకవేళ నిజంగానే కనపడటం లేదేమో అని. చూసుకోండి, రెండు నిమిషాల పని. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు అడ్రస్ కొట్టండి, గూగుల్‌కి తెలిసిన మీ పేజీలు వరసగా వస్తాయి. ఇంకా వివరంగా కావాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉంది, ఉచితం, మీ సైట్లో అసలు ఇబ్బంది ఉంటే అక్కడ కనిపిస్తుంది. మ్యాప్‌లో నర్సరీని పెట్టుకోవడం కూడా ఉచితమే, దానికి డబ్బు కట్టమని ఫోన్ చేసేవాళ్లు గూగుల్ మనుషులు కారు. నా అభిప్రాయం అడిగితే, కడియం దాకా లారీ వేసుకొచ్చేవాళ్లకి మీ మ్యాప్ పిన్ను సరిగ్గా ఉండటం, దాని కింద నాలుగు తాజా ఫొటోలు, ఎత్తే ఫోన్ నంబరు ఉండటం ఏ ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైటుని పైకి తెచ్చే పని) ప్యాకేజీ కన్నా ఎక్కువ.

మూడో మెయిల్ చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. "మీ నర్సరీ బ్లాగు అద్భుతం, పసిపిల్లల తల్లిదండ్రులకి ఉపయోగపడే వ్యాసం ఒకటి ఉచితంగా రాసిస్తాం." నర్సరీ అనే మాట చూసి మిమ్మల్ని బడిపిల్లల లిస్టులో వేశారు. పైగా మీ సైట్లో బ్లాగే లేదు. వ్యాసం ఉచితం, మధ్యలో ఒక లింకు ఉంటుంది, ఒప్పుకుంటే ఇరవై డాలర్లు మీకే ఇస్తాం అన్నారు. ఆ లింకు ఎక్కడికి వెళ్తుందో చెప్పరు, ఇలాంటివి చాలాసార్లు పందేల సైట్లకి, అప్పుల యాప్‌లకి తేలతాయి. డబ్బు తీసుకుని ర్యాంకు కోసం లింకులు పెట్టడం గూగుల్ నియమాలకి విరుద్ధం, మీ సైటే వెనక్కి పోవచ్చు. ఆన్‌లైన్ డబ్బు పందేలనీ, వాటి ప్రకటనలనీ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఇరవై డాలర్ల కోసం మొక్కలమ్ముకునేవాళ్లకి ఆ తలనొప్పి దేనికి.

నాలుగోది మాత్రం సీరియస్. నేను ఫొటోగ్రాఫర్‌ని, నా ఫొటోలు అనుమతి లేకుండా వాడారు, ఈ లింకులో సాక్ష్యం ఉంది, డౌన్‌లోడ్ చేసి చూసుకోండి, లేకపోతే కోర్టుకి వెళ్తాను అని. ఇది సైటులోని కాంటాక్ట్ ఫారం ద్వారా వచ్చింది. సరిగ్గా ఇదే పద్ధతిని 2021 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ భద్రతా బృందం బయటపెట్టింది. వ్యాపారాల సైట్లలో కాంటాక్ట్ ఫారాలు నింపి, ఫొటోల దొంగతనం పేరుతో బెదిరించి, గూగుల్ పేజీకి వెళ్లే లింకు ఇచ్చి, అక్కడ డౌన్‌లోడ్ చేసిన జిప్ ఫైలులోంచి ఐస్‌డ్ఐడీ అనే మాల్‌వేర్‌ని కంప్యూటర్లోకి దింపేవాళ్లు. అది బ్యాంకు వివరాలు దొంగిలించే రకం. లింకు గూగుల్‌దే కాబట్టి అనుమానం రాదు, ఫిల్టర్లకీ రాదు. గూగుల్ సైట్స్, డ్రైవ్ లాంటి చోట్ల ఎవరైనా ఏదైనా పెట్టొచ్చు, అడ్రస్‌లో గూగుల్ అని ఉన్నంత మాత్రాన గూగుల్ పూచీ పడ్డట్టు కాదు.

ఈ మెయిల్ భయపెట్టడానికి కారణం మీరే రాశారు, సైట్లో కొన్ని ఫొటోలు ఆ అబ్బాయి ఎక్కడినుంచి తెచ్చాడో మీకు తెలియదు. అందరి సంగతీ అంతే, అందుకే ఈ బాణం ఎవరికి వేసినా తగులుతుంది. నిజంగా ఫొటో తనదైన మనిషి మీ సైట్లో ఏ పేజీలో ఏ ఫొటో తనదో మెయిల్లోనే చెప్తాడు, దానికి జిప్ ఫైలు అక్కర్లేదు. లింకు నొక్కకండి. ఇప్పటికే నొక్కి ఫైలు తెరిచి ఉంటే, ఆ కంప్యూటర్ని నెట్ నుంచి తీసేసి, వేరే ఫోన్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చి, తెలిసినవాళ్లతో కంప్యూటర్ శుభ్రం చేయించండి. ఆ బెదిరింపు అబద్ధమే అయినా ఫొటోల సంగతి మాత్రం చక్కదిద్దుకోండి. ఎవరివో ఫొటోలు తీసేసి మీ తోటలోనే ఫోన్‌తో తీసి పెట్టండి. పొద్దున్న నీళ్లు కొట్టాక తీస్తే ఆకులు మెరుస్తాయి, పక్కన మీ వారు నిలబడితే మొక్క ఎత్తెంతో కొనేవాళ్లకి తెలుస్తుంది. ఆ ఫొటో ఏ ఫొటోగ్రాఫర్ కేసు వేసినా మీదే.

ఇంకో రెండు రకాలు మీకింకా రాలేదు కానీ వస్తాయి. మీ సైటు హ్యాక్ చేశాం, డేటా అంతా మా దగ్గరుంది, బిట్‌కాయిన్లు పంపకపోతే బయటపెడతాం అనేది ఒకటి. సాక్ష్యంగా మీ డేటా ముక్క ఏదీ చూపించకపోతే అది ఊరికే విసిరిన రాయి, పాస్‌వర్డ్ ఒకసారి మార్చి, బ్యాకప్ ఉందో లేదో చూసుకుని వదిలేయండి. "మీ సైట్లో భద్రతా లోపం కనిపెట్టాను, బహుమతి ఎంతిస్తారు?" అనేది రెండోది. ముందు లోపమేంటో చెప్పరు, ముందు డబ్బు మాటే. సైటు చూసుకునేవాళ్లకి ఫార్వర్డ్ చేసి ఊరుకోండి.

ఇవన్నీ ఎక్కడినుంచి ఊడిపడుతున్నాయి, ఎవరికీ మెయిల్ ఇవ్వలేదే అన్నారు. సైట్లోనే ఇచ్చారు కదా. సంప్రదించండి పేజీలో అడ్రస్ రాసి ఉంది, సైట్ల మీద వాటంతటవే తిరిగే బాట్లు అనే ప్రోగ్రాములు అట్ గుర్తు కనిపించిన ప్రతి మాటనీ ఏరుకుంటాయి. కాంటాక్ట్ ఫారాన్నయితే నేరుగా నింపేస్తాయి. ఇలా అడగకుండా పంపిన మొదటి వ్యాపార మెయిల్‌గా చెప్పుకునేది 1978 మేలో అమెరికాలో ఒక కంప్యూటర్ల కంపెనీ మార్కెటింగ్ మనిషి పంపింది, సుమారు 400 మందికి. అప్పట్లో అడ్రస్‌లు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు నాలుగు లక్షల మందికైనా అంత శ్రమ లేదు, అందుకే లక్షలో ఒక్క మావయ్యగారు కట్టినా గిట్టుబాటే.

ఆగుతాయా అంటే, పూర్తిగా ఆగవు. తగ్గుతాయి. సైటు చేసిన అబ్బాయికి (ఫోన్ ఎత్తితే) ఈ మాట చెప్పండి: ఫారంలో హనీపాట్ పెట్టమని. అంటే మనుషులకి కనపడని ఒక ఖాళీ గడి పెడతారు, మనిషి దాన్ని నింపడు, బాట్ నింపేస్తుంది, నింపిన ఫారం చెత్తలోకి పోతుంది. దాంతోపాటు నింపేది మనిషో బాటో తేల్చే రీక్యాప్చా గానీ క్లౌడ్‌ఫ్లేర్ టర్న్‌స్టైల్ గానీ తగిలించమనండి. వర్డ్‌ప్రెస్‌తో చేసిన సైటైతే చెత్త మెసేజ్‌లని ఏరేసే ఆకిస్‌మెట్ లాంటి ప్లగిన్లూ ఉన్నాయి. ఫారంలో లింకు ఉన్న మెసేజ్‌లని పక్కన పెట్టమని చెప్పినా సగం బెడద తీరుతుంది, మొక్కలడిగేవాళ్లు లింకులతో రారు. ఇంకో చిట్కా నాది: ఫారంలో "ఏ మొక్క కావాలి? ఎన్ని? ఏ ఊరికి?" అని మూడు గడులు పెట్టించండి. మొండి బాట్ వాటిని కూడా ఏదో ఒకదానితో నింపుతుంది, కానీ "ఏ ఊరికి" దగ్గర "ర్యాంకింగ్ సర్వీస్" అని ఉంటే మీకు చదివే పనే ఉండదు.

ఇక్కడొక తప్పు చాలామంది చేస్తారు, మీరూ చేస్తున్నట్టున్నారు. ఫారం ద్వారా వచ్చిన మెయిల్‌ని "రిపోర్ట్ స్పామ్" కొట్టకండి. పంపినవాళ్ల గడి చూడండి, అక్కడ ఉండేది మీ సైటు అడ్రసే, ఎందుకంటే ఫారం నింపింది దొంగ అయినా మీకు మెయిల్ పంపింది మీ సైటే. మీరు స్పామ్ కొట్టిన ప్రతిసారీ మీ సైటు పంపే మెయిళ్లు చెత్త అని జీమెయిల్‌కి మీరే నేర్పుతున్నారు. రేపు నిజమైన ఆర్డరు అదే ఫారం నుంచి వస్తే అదీ చెత్తలోకే పోతుంది. వాటిని మామూలుగా డిలీట్ చేయండి. బయటి అడ్రస్ నుంచి నేరుగా వచ్చినవాటికి మాత్రం రిపోర్ట్ స్పామ్ కొట్టండి. అడుగున ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ సంగతి కూడా అంతే, మీరెప్పుడైనా కొన్న, చేరిన చోటు నుంచి వస్తే నొక్కండి, ముక్కూ మొహం తెలియనిదైతే నొక్కొద్దు.

పోలీసులకి ఫిర్యాదు చేయొచ్చా అన్నారు. ఫోన్లకీ ఎస్సెమ్మెస్‌లకీ ఉన్నట్టు 1909కి చెప్పి ఆపించే ఏర్పాటు మెయిళ్లకి లేదు. చిరాకు పుట్టించే మెయిళ్లకి కూడా వర్తించే 66ఏ సెక్షన్ ఒకటి ఐటీ చట్టంలో ఉండేది, దాన్ని వేరే కారణాలతో సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. డబ్బు పోయినా, బెదిరించినా, పాస్‌వర్డ్ పోయినా ఫిర్యాదు చేయండి. ఎస్‌ఈఓ మెయిళ్ల మీద స్టేషన్‌కి వెళ్తే కానిస్టేబుల్ గారు మీకు టీ ఇప్పించి పంపేస్తారు.

ఇక అయిదు, ఆరు. రెండూ ఆర్డర్ల మెయిళ్లే, పక్కపక్కన పెట్టి చూడండి. అయిదోది పొందిగ్గా ఉంది. "డియర్ సర్ ఆర్ మేడమ్, మా కంపెనీ మీ ఉత్పత్తుల మీద ఆసక్తిగా ఉంది, జతచేసిన పర్చేజ్ ఆర్డర్ చూసి మీ బెస్ట్ ప్రైస్ పంపండి, అర్జెంట్." పైన విదేశీ కంపెనీ లోగో, కింద పెద్ద సంతకం, జతగా జిప్ ఫైలు. ఏ మొక్కో లేదు. అసలు మొక్క అన్న మాటే లేదు, "ఉత్పత్తులు" అట. ఆర్డరు లోపలుంది, లోపలికి వెళ్లాలంటే ఫైలు తెరవాలి, అదే దాని పని. ఇంకొన్నిటిలో ఫైలు తెరిస్తే "చూడటానికి మీ మెయిల్ పాస్‌వర్డ్ కొట్టండి" అని గడి వస్తుంది. ఎవరి ఆర్డరు చూడటానికీ మన పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఆరోది మీరు స్పామ్ ఫోల్డర్లోంచి తీసి పంపారు. ఇంగ్లీషు అంతంతమాత్రం, వాక్యాలకి ఫుల్‌స్టాప్‌లు లేవు, పంపింది మామూలు జీమెయిల్ నుంచి, అందుకని మీరు దాన్ని అన్నిటికన్నా అనుమానంగా చూశారు. నాకు మాత్రం చదవగానే ప్రాణం లేచొచ్చింది. టెకోమా 400, బోగన్‌విల్లియా మూడు రంగులు కలిపి 600, ఫాక్స్‌టెయిల్ పామ్ ఆరడుగులవి 40, కవరు సైజెంత, హోసూరు దాకా లారీ కిరాయి మీదా మాదా, దారిలో వాడిపోతే ఎంతవరకు మారుస్తారు, మీ సైట్లో ఎర్ర టెకోమా ఫొటో ఉంది కానీ రేటు లేదు. బంగారం షాపు పేరు పెట్టి చూడండి ఇక్కడ! ప్రతి వాక్యం మొక్కల మనిషిదే. రేటు లేదన్నది కూడా నిజం, నేను మీ సైటు తెరిచి చూశాను.

పూర్తిగా నమ్మేయమని కాదు. మాట్లాడినప్పుడు మొక్కల గురించి మాట్లాడనివ్వండి, ఆ పనిలో ఉన్న మనిషో కాదో మీ వారికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అడ్వాన్సు పడ్డాకే లోడు ఎత్తండి. అడ్వాన్సు పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటే మాత్రం ఫోన్ పెట్టేయండి, డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఆయన రాసి పదకొండు రోజులైంది. మొదట్లోనే ఫోన్ చేయమన్నది అందుకే. ఈపాటికి పక్క నర్సరీలో అడిగి ఉంటే, ఎర్ర టెకోమా దొరికిందో లేదో కనుక్కోండి.